మూడో ఆదివారం

పరుపు చుట్టిన తుంగచాప వానకు తడిసినప్పుడల్లా ఈ సైనిక వర్క్‌షాపు షెడ్డులోకి మా ఊరు ఆకివీడు వచ్చేస్తుంది. పచ్చిగడ్డి, బురద, కాస్త పొగ కలిసిన ఆ వాసన సువార్తమ్మ టీచరుగారి వసారాది.

ఆవిడ మిషను బడిలో నాకు లెక్కలు చెప్పారు. ఏ పనికైనా ముందు జాబితా రాసి వరస నంబర్లు వెయ్యమనేవారు. కొల్లేరు చూడబోయిన రోజున కూడా పలకల మీద రాయించారు: మంచినీళ్లు, గొడుగు, అటుకులు. "మరిచిపోయామంటే పడవ వెనక్కి తిరగదు నాన్నా" అన్నారు.

ముప్పై తొమ్మిదిలో యుద్ధం మొదలైంది. ఏలూరులో ఫిట్టరు పని నేర్చిన నన్ను సైన్యంలోకి తీసుకున్నారు. చేరడానికి నెల గడువు. అప్పటికే కరుణతో నాకు ప్రధానం అయింది. ప్రయాణపు జాబితా టీచరుగారికి చూపించాను.

"ఏరా దానియేలూ, గొడుగు నాలుగోదీ, పెళ్లి పదకొండోదీనా?"

"తిరిగొచ్చాక చేసుకుంటానండీ. నాకేమైనా అయితే కరుణకి ఏ బంధమూ ఉండకూడదు కదండీ."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఆయనా అచ్చం ఇలాగే అన్నారు."

ఆవిడ ఎందుకు పెళ్లి చేసుకోలేదో ఆ సాయంత్రమే తెలిసింది. మా గుడిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదువుతారు. వెనకటి యుద్ధంలో ఆవిడ పేరూ, జోసఫుగారి పేరూ రెండు ఆదివారాలే చదివారు. మూడోది రాకముందే ఆయన పటాలానికి బస్రా ప్రయాణం పడింది. పాదిరిగారు వెంటనే పెళ్లి చేస్తానన్నా ఆయనే వద్దని, భీమడోలులో రైలెక్కారట.

"పోయారన్న కాగితం వాళ్లన్నయ్యకొచ్చింది. నాకు సంతలో తెలిసింది. ఆఫీసుకెళ్తే 'మీరాయనకి ఏమవుతారండీ?' అన్నారు. ఏమని చెప్పనురా? బంధం లేకుండా వదిలాననుకున్నారు, పాపం. నలుగురిలో ఏడవడానికి కూడా వీల్లేకుండా వదిలారు."

ఆవిడ నా జాబితాలో పదకొండో నంబరు మీద వేలు పెట్టారు.

"కరుణని అడిగావా?"

"లేదండీ."

"వెళ్లి అడుగు. ఇంకా మూడు ఆదివారాలున్నాయి."

అడిగాను. "ఇంజన్లు బాగుచేసే బుర్రకి ఇది తట్టడానికి ఇన్నాళ్లు పట్టిందా అండీ?" అంది కరుణ.

మూడో ఆదివారం మా పేర్లు చదువుతుంటే టీచరుగారు ముందు వరుసలో కళ్లు మూసుకుని విన్నారు. పెళ్లికి ఈ చాప ఇచ్చారు.

ఇక్కడ చేరిన రోజున ఒక కాగితం నింపమన్నారు. ఏదైనా జరిగితే కబురు ఎవరికి పంపాలి, వారు మీకేమవుతారు? కరుణ పేరు రాసి, పక్క గడిలో 'భార్య' అని రాశాను. జోసఫుగారి కాగితంలో ఆ గడిలో 'అన్న' అని ఉండి ఉంటుంది.

ఇప్పటికీ జాబితా రాయనిదే పని మొదలుపెట్టను. కాని నంబర్లు మాత్రం, అందులో ఎవరి పేరుంటే వాళ్లని అడిగాకే వేస్తాను.