లెక్కల ఆఫీసులో రేయాల్ హాషే

యాభై దాటిన తరువాత రేయాల్ హాషే మళ్ళీ పుస్తకాలు పట్టాడు. సరదాకి పట్టలేదు. ఊళ్ళో సామిల్లు మూతపడింది. మీసాలు రాని వయసులో దుంగలు దొర్లించడానికి చేరి, రంపాల పక్కనే జుట్టు నెరిపించుకున్న మనిషి, ఒక శీతకాలమంతా ఇంట్లో కూర్చుని కిటికీలోంచి సముద్రం గడ్డకట్టడం చూశాడు. రెండో శీతకాలానికి భార్య జినెట్ ఊరుకోలేదు.

"మిల్లువాళ్ళకి కాలేజీలో ఊరికే చదువు చెబుతున్నారట. అకౌంట్ల కోర్సు ఉందట. నీకు లెక్కలంటే భయం లేదుగా, పో," అంది.

"ఈ వయసులోనా?"

"ఈ వయసులో నా వంటింటికి అడ్డంగా కూర్చోడం కంటే నయమే."

వెళ్ళాడు. కూతురికంటే చిన్నవాళ్ళయిన పిల్లల మధ్య ముందు బెంచీలో కూర్చున్నాడు. బుద్ధిమంతుడు కాబట్టి ముందు కూర్చున్నాడని పంతులమ్మ అనుకుంది. అసలు సంగతి వేరు. పంతులమ్మ పెదవులు కనబడకపోతే అతనికి పాఠం అందదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి సగానికి వచ్చింది. మిల్లులో అందరిదీ అదే గతి కనుక అక్కడ దాన్నెవరూ లోపమనుకోలేదు. అరుచుకునేవాళ్ళు, చేతులూపుకునేవాళ్ళు, పని జరిగిపోయేది. ఇంట్లో జినెట్ ఏదైనా అంటే "ఊఁ" అనేవాడు. పదిమందిలో అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వేవాడు. ఈ విద్యలో అతనికి అతనే గురువు.

కోర్సు చివర నాలుగు వారాలు ఏదైనా ఆఫీసులో పని నేర్చుకోవాలి. మందుల షాపు మేడమీద లియోపోల్డ్ గారి ఆడిటర్ ఆఫీసులో చోటు దొరికింది. అది మార్చి నెల, పన్నుల కాలం. చేపల పడవలవాళ్ళు, కొట్లవాళ్ళు, పెన్షను ముసలమ్మలు బూట్లకంటిన మంచు దులుపుకుంటూ మెట్లెక్కి వస్తున్నారు. తనకి పని చూపించాల్సిన మనిషిని చూసి రేయాల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. జోసియాన్. తన కూతురితో కలిసి చదివిన పిల్ల. తన ఇంట్లో బల్ల దగ్గరే కూర్చుని జినెట్ వండిన ఫ్రికో, ఆ కోడి పులుసు, రెండు గిన్నెలు లాగించిన పిల్ల.

"రండి, రేయాల్ గారూ," అందామె, కొంచెం ఎర్రబడుతూ.

"నువ్వు... మీరు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటానమ్మా."

"నన్ను మీరు అనకండి బాబూ, మా అమ్మ వింటే నన్ను తంతుంది."

"మరి నువ్వు నన్ను గారూ అంటున్నావు?"

"నేనలా అనకపోతే మీ ఆవిడ తంతుంది."

ఆ మాటతో ఇద్దరికీ బెరుకు కాస్త వదిలింది. రసీదులు వేరుచెయ్యడం, కంప్యూటర్లో ఎక్కించడం, పాత ఫైళ్ళు సర్దడం, ఈ పనులు అతనికి త్వరగానే వచ్చాయి. కష్టమంతా ఇంకోచోట వచ్చింది. అంత మెల్లగా మాట్లాడే చోటును రేయాల్ తన జన్మలో చూడలేదు. ఒకరి విడాకులు, ఒకరి అప్పులు, ఇంకొకరి ఆస్తి తగాదా, ఏదైనా సరే అక్కడ గొంతు తగ్గించే చెబుతారు. ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లెత్తే లియోనా అయితే చర్చిలో ఫాదరుకి పాపాలు చెప్పుకుంటున్నట్టు గుసగుసలాడుతుంది.

రెండో రోజు జోసియాన్ ఫైలు లోంచి తలెత్తకుండా, "రెండు కాపీలు తెచ్చిపెడతారా?" అంది. రేయాల్ కింద వీధిలోకి దిగి, గాలికి ఎదురు నడిచి, రెండు కాఫీలు తెచ్చాడు. జోసియాన్ ఒక క్షణం కప్పులకేసి, ఒక క్షణం అతనికేసి చూసి, "భలేవారే," అని నవ్వేసింది. అతనూ నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. వేళాకోళం చేశాడని ఆమె అనుకుంది, మంచిపని చేశానని అతను అనుకున్నాడు.

అలాగే గడిచిపోయేదేమో. రెండో వారంలో ఒక మధ్యాహ్నం లియోనా భోజనానికి వెళ్ళింది, జోసియాన్ లోపల ఒక పడవ యజమానితో ఉంది. ఫోను మోగింది. మోగుతూనే ఉంది. రేయాల్ చుట్టూ చూసి, ఇంకెవరూ లేక, కుడి చెవికి ఆనించుకున్నాడు. ఎవరో పెద్దావిడ. పేరు ఓడెట్ అని అందింది. "మంచు" అని అందింది, "గురువారం" అని అందింది. మధ్యలోవన్నీ వాన చప్పుడులా కలిసిపోయాయి. మళ్ళీ చెప్పమని ఒకసారి అడిగాడు. రెండోసారి అడగడానికి సిగ్గేసింది.

"అలాగేనమ్మా, తప్పకుండా," అన్నాడు.

గురువారం వస్తుందేమోననుకుని ఆఫీసు క్యాలెండర్లో ఆమె పేరు ఆ రోజు కింద రాసిపెట్టాడు. ఆమె రాలేదు. శుక్రవారం పొద్దున ఆమె మేనల్లుడు ఫోను చేసి ఆఫీసుని ఏకిపారేశాడు. మెట్ల మీద మంచు పేరుకుంది, కాలు జారితే తుంటి విరుగుతుంది, ఎవరైనా ఇంటికొచ్చి కాగితాలు పట్టుకెళ్ళండి అని అడిగిందట. తప్పకుండా వస్తామన్నారట. ముసలామె కేకు చేసి, మంచి బట్టలు కట్టుకుని, చీకటిపడేదాకా కిటికీ దగ్గర కూర్చుందట.

లియోపోల్డ్ గారు గదిలోంచి బయటికొచ్చారు. ఆయన కోప్పడితే గొంతు ఇంకా తగ్గుతుంది. లియోనా బల్ల ముందు నిలబడి ఆయన ఏదో అంటున్నారు, లియోనా తల అడ్డంగా ఊపుతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఒక్క మాట వినకుండానే రేయాల్‌కి అంతా తెలిసింది. కుర్చీలోంచి లేచాడు.

"ఫోనెత్తింది నేను. ఆవిణ్ణి అనకండి," అన్నాడు, మిల్లు గొంతుతో. ఆఫీసంతా ఆగిపోయింది.

జోసియాన్ అతన్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. "వస్తామని చెప్పి మాకెందుకు చెప్పలేదు? మర్చిపోయారా?"

మర్చిపోయానంటే సరిపోయేది. మతిమరుపుని ఎవరైనా క్షమిస్తారు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తన మూలంగా లియోనా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వినపడలేదు."

"ఫోను సరిగా లేదా?"

"ఫోను బాగానే ఉందమ్మా. నేనే బాగాలేను. ఈ చెవి లేదు. ఇదీ సగమే. మా ఇంటావిడక్కూడా ఎప్పుడూ చెప్పలేదు."

జోసియాన్‌కి ఏదో తట్టింది. "అయితే ఆ రోజు కాఫీలు..."

"ఏం, నువ్వడిగింది కాఫీ కాదా?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోలేక బల్ల మీద తలవాల్చింది. ఆమె కాపీ అని మళ్ళీ చెప్పేసరికి, అవమానంతో చెవులు కాలిపోతున్న రేయాల్‌కి కూడా చివరికి నవ్వొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఓడెట్ గారి ఇంటికి వెళ్ళారు. ముందు రేయాల్ పార తీసుకుని మెట్ల మీది మంచు గీకి, ఉప్పు చల్లాడు. ఆ తరువాత టోపీ చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడి, తప్పు తనదేనని, చెవులు సరిగా లేవని చెప్పాడు. ఎనభై దాటిన ఆవిడ తన చెవి వెనక ఉన్న మిషనును వేలితో తట్టి చూపించింది.

"చెవులు లేకపోతే లేకపోయాయి, నోరుందిగా? వినపడలేదని చెప్పడానికేం?"

"సిగ్గేసిందమ్మా."

"నేను పగలంతా కేకు ముందు పెట్టుకుని కూర్చున్నానే, అది సిగ్గు కాదూ? కూర్చో. నిన్నటిదే, గట్టిపడింది. అయినా తినే వెళ్ళాలి."

తిన్నాడు. రెండో ముక్క కూడా వద్దనలేదు.

ఇంటికెళ్ళి జినెట్‌కి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "ఊరంతటికీ తెలిసిందే, నువ్వే చెప్పుకోలేదు," అంది. వారం తిరక్కుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. ఆఫీసులో జోసియాన్ తన బల్లని అతనికి ఎదురుగా తిప్పుకుంది. లియోనా చెప్పాల్సినవి చీటీ మీద రాసివ్వడం మొదలుపెట్టింది. ఒక్కోసారి ఊళ్ళో కబుర్లు కూడా రాసిచ్చేది. అతను చదువుకుని పైకి నవ్వేవాడు.

నాలుగు వారాలూ అయ్యాక లియోపోల్డ్ గారు చెయ్యి కలిపి, కొత్త మనిషిని పెట్టుకునే స్థితి లేదని, కాలేజీకి మాత్రం మంచిమాటే రాశానని చెప్పారు. రేయాల్ ఆశపడలేదంటే అబద్ధం. మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకుని కాసేపు ఆగాడు. వెనకాలే జోసియాన్ దిగి వచ్చి, రేవు దగ్గర పీతల ఫ్యాక్టరీ ఆఫీసులో మనిషి కావాలట, తను మాట్లాడానంది.

అక్కడి మేనేజరు ముందు కూర్చుని రేయాల్ మొట్టమొదట చెప్పిన మాట, "మీరు కాస్త నా కుడిపక్కకి జరిగి, గట్టిగా మాట్లాడాలి." మేనేజరు జరిగాడు. ఉద్యోగం పీతల కాలానికే ఇచ్చారు, బాగుంటే ఏడాది పొడుగునా ఉంచుతామన్నారు.

మే నెలలో చెవి మిషన్లు వచ్చాయి. మొదటి రోజు ఫ్రిజ్ చప్పుడుకి విసుక్కున్నాడు, తన అడుగుల చప్పుడుకి తనే ఉలిక్కిపడ్డాడు. సాయంత్రం జినెట్ గిన్నెలు తోముతూ, అతనికి వీపు పెట్టి, తనలో తాను ఏదో గొణుక్కుంటోంది. బురద బూట్లతో లోపలికొచ్చే ఎద్దుల గురించి.

"ఎద్దెవరు?" అన్నాడు రేయాల్.

జినెట్ గిన్నె పట్టుకునే వెనక్కి తిరిగింది. "విన్నావా?"

"విన్నాను. రోజూ ఇలాగే తిడతావా?"

"ఇరవై ఏళ్ళ నుంచీ. హాయిగా ఉండేది," అంది జినెట్. చేతులు తుడుచుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నారు. అతను ఒక్కసారి కూడా "ఊఁ" అని ఊరుకోలేదు. అర్థంకాని చోటల్లా ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆమె విసుక్కుంటూనే చెప్పింది.