ఎడమ మైకులో గొంతు

చాలా ఏళ్లుగా ఒక గొంతును మోస్తున్నాను. అది నా గొంతు కాదు. ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. ఫొటో చూశాను, సమాధి చూశాను, ఆమె కట్టుకున్న చీరలు మడతపెట్టి బీరువా అడుగు అరలో సర్దాను. గొంతు మాత్రం ఒకే ఒక్క మధ్యాహ్నం విన్నాను. విన్నాక, ఇంకెవరూ వినకుండా చేశాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ప్రతి ఆదివారం మా చర్చిలో అందరితోపాటు లేచి నిలబడి ఒప్పుకోలు ప్రార్థన చెబుతాను. తలంపు చేత, మాట చేత, క్రియ చేత అంటాం. అంతమంది కలిసి అన్నప్పుడు ఆ మాటలు ఎవరి మీదా పడవు. నా మీదా పడలేదు. అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో. ఇంటికొచ్చి కూర తాలింపు వేసుకునేదాన్ని.

మాది కొవ్వూరు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన రాజమండ్రిలో గుమాస్తాగా చేసేవారు, చర్చిలో హార్మోనియం వాయించేవారు. నేను ఆయనకు రెండో భార్యని. మొదటి భార్య పేరు సువార్త. పాపకు రెండేళ్లు నిండకుండానే జ్వరంతో పోయింది. ఆ పాప కెజియా. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి రెండో తరగతి చదువుతోంది. నన్ను పిన్నీ అని పిలిచేది. ఎవరూ నేర్పకుండానే అలా పిలిచింది. నేనూ అమ్మా అనమని అడగలేదు. అడిగి తెచ్చుకునే పిలుపు కాదు కదా అనుకున్నాను. కానీ ఎదురుచూశాను. జడ వేస్తూ, లంచ్ బాక్స్ సర్దుతూ, లెక్కలు చెబుతూ ఎదురుచూశాను. కెజియా ఇంటర్‌లో చేరిన ఏడాది ఒక రోజు బాత్రూంలోంచి "అమ్మా, టవలూ!" అని కేకేసింది. తను ఏమందో తనకే తెలియదు. టవలు అందించి వంటింట్లోకి వచ్చి స్టవ్ ముందు ఊరికే నిలబడిపోయాను. ఆ తర్వాత అదే పిలుపు అలవాటైంది.

చర్చిలో మాత్రం సువార్త పోలేదు. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైతే చాలు, ఎవరో ఒకరు అనేవారు, "సువార్త ఉంటేనా అండీ, ఆ చరణం ఎత్తుకుంటే మనం ఊరుకుని వినేవాళ్లం" అని. నన్ను చూసి సర్దుకునేవారు. సర్దుకోకపోయినా బాగుండేది.

మా ఇంట్లో కంప్యూటర్ ఉండేది. స్కూలు యానివర్సరీకి పిల్లల డాన్సుల పాటలు నేనే కత్తిరించేదాన్ని. ఒక పాట పల్లవి, ఇంకో పాట చరణం, మధ్యలో డప్పు కలిపి అతుకు తెలియకుండా అతికించడం నాకు బాగా వచ్చు. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కూడా పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని వచ్చేవారు. నేను చేసిన పని గురించి చెప్పాలంటే ఈ సంగతి చెప్పాలి. తెలియక చేశాననడానికి వీల్లేదు.

కెజియా ఇంటర్ అయిపోయిన వేసవిలో, ఆత్రేయపురంలో వాళ్ల అమ్మమ్మ పోయింది. ఆవిడ ట్రంకు పెట్టెలో ఒక కేసెట్ దొరికింది. చూడగానే మా ఆయన గుర్తుపట్టారు. కెజియాకు ఏడాది నిండినప్పుడు ఇంట్లోనే రికార్డు చేశారట. ఆయన హార్మోనియానికి ఒక మైకు, పాడే ఆమెకు ఒక మైకు. కెజియా ఆ కేసెట్‌ను రెండు చేతుల్లో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"కంప్యూటర్‌లోకి ఎక్కించవా అమ్మా? హాస్టల్‌కి వెళ్లేలోపు నా ఫోన్‌లో వేసుకుంటాను. అమ్మ గొంతు నాకు అస్సలు గుర్తులేదు."

ఒకే మాటలో ఇద్దరమూ అమ్మలమే. నేను సరేనన్నాను.

మైకుసెట్ల షాపు నుంచి టేప్‌రికార్డర్ అడిగి తెచ్చాను. ఆ ఆదివారం చర్చి అయ్యాక తండ్రీకూతుళ్లు హాస్టల్‌కు బకెట్టు, సూట్‌కేసు కొనడానికి రాజమండ్రి వెళ్లారు. నేను టేప్‌రికార్డర్‌కు వైరు తగిలించి రెండో కొస కంప్యూటర్ వెనక గుచ్చాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. తెర మీద రెండు గీతలు కదలడం మొదలుపెట్టాయి. పైది ఎడమ, కిందది కుడి. కుడి చెవిలో హార్మోనియం. ఎడమ చెవిలో ఆమె.

చెవి పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంది. అందరూ చెప్పినంత గొప్పగా ఉంటుందని భయపడ్డాను. అలా లేదు. కొంచెం బొంగురు. వాక్యం చివర స్వరం కిందికి జారి, అంతలోనే చిన్నగా లేచేది. ఊపిరి తీసుకోవడం వినిపించేది. గొప్ప గొంతైతే తట్టుకునేదాన్నేమో. ఇది ఇంట్లో మనిషి గొంతు. ఈ ఇంట్లో, ఈ గదిలో తిరిగిన మనిషి గొంతు.

మూడు కీర్తనలు పాడింది. తర్వాత ఎవరో నవ్వారు, మా ఆయనే. అంత గట్టిగా ఆయన నవ్వగా నేను వినలేదు. అప్పుడు పాప కుయ్యిమంది. సువార్త మైకు పక్కనే పాపను ఒళ్లోకి తీసుకున్నట్టుంది.

"ఏదీ, అను. అమ్మ. అమ్... మ."

పాప ఏదో గొణిగింది. ఆమె మళ్లీ అంది. మళ్లీ. చివరికి పాప స్పష్టంగా అంది. అమ్మ అని. సువార్త ఒక్క అరుపు అరిచింది సంతోషంతో. ఆ అరుపుతోనే టేపు అయిపోయింది.

నేను హెడ్‌ఫోన్స్ తీసేశాను. మళ్లీ పెట్టుకున్నాను. ఆ ముక్కే మళ్లీ విన్నాను. అప్పుడు నా మనసులో ఏముందని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. అసూయా? ఉంది. కానీ అదొక్కటే కాదు. భయం. హాస్టల్‌లో పడుకుని ఆ పిల్ల ఇది వింటుంది. రోజూ వింటుంది. తను మొదటిసారి ఆ మాటతో ఎవర్ని పిలిచిందో చెవులతో వింటుంది. విన్నాక నన్ను ఆ మాటతో పిలవడానికి నోరు వస్తుందా? పిలిచినా, ఆ అరుపు గుర్తుకు రాకుండా పిలవగలదా? చచ్చిపోయిన మనిషి దగ్గర నేను ఏం లాక్కుంటున్నానో నాకు తెలియకపోలేదు. తెలిసే ఎడమ గీతను మౌస్‌తో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లాగి, నల్లబడ్డ ఆ గీతను చూస్తూ కూర్చున్నాను. తర్వాత డిలీట్ నొక్కాను.

పని అక్కడితో అయిపోలేదు. ఒకే గది కదా, హార్మోనియం మైకులోకి కూడా ఆమె గొంతు సన్నగా పడింది. అది వినిపించే చోటల్లా కత్తిరించాను. కత్తిరిస్తే పాట తెగిపోయే చోట పై స్వరాలు తగ్గించేశాను. హార్మోనియం గోనెపట్టా కింద పెట్టి వాయించినట్టు మూగబోయింది. అతుకులు అతికాయో లేదో మళ్లీ మళ్లీ విని చూసుకున్నాను. పిల్లల డాన్సు పాటకు ఎంత జాగ్రత్త పడతానో అంత జాగ్రత్త. మధ్యలో ఫోన్ మోగింది. మా ఆయన.

"బస్సెక్కేశాం. వస్తూ ఏమైనా తేవాలా?"

"ఏం వద్దండి" అన్నాను.

గోదావరి దాటి రావడానికి ఎంతసేపు? మిగిలిన కుడి గీతను రెండు వైపులా వినిపించేలా కలిపాను. మొదట ఎక్కించిన ఫైలును తుడిచేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. కేసెట్‌లోంచి టేపు వేలితో బయటికి లాగి నలిపాను. గేటు చప్పుడయ్యేసరికి అది నా ఒళ్లో కుప్పగా ఉంది.

"పాత టేపండి, యంత్రం తినేసింది" అన్నాను. "వచ్చినంత వరకు ఎక్కించాను."

ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. కెజియా స్పీకర్ దగ్గరికి వంగింది. హార్మోనియం మోగింది. ఇంకా మోగింది. ఆ పిల్ల మెడ వెనక నరం బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది. ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని చూస్తోంది. అయిపోయింది.

"అమ్మ గొంతు లేదా నాన్నా?"

మా ఆయన తెర వైపే చూస్తున్నారు. "పాడిందమ్మా. నాకు బాగా గుర్తు. ఆ వైపు మైకు పనిచేయలేదేమో."

తర్వాత నా వైపు చూశారు. ఏదో అడుగుతారనుకున్నాను. ఏమీ అడగలేదు. ఆయనకు తెలిసిందా? ఇప్పటికీ తెలియదు. ఆయన అందించిన అబద్ధాన్ని నేను అందుకున్నాను.

"అయ్యుంటుందండి" అన్నాను.

కెజియా ఆ ఫైలునే ఫోన్‌లో వేసుకుని వెళ్లింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ మూగ హార్మోనియం మీద తనే పాడుకునేది. చర్చిలో కూడా పాడింది. పెద్దవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు, అచ్చం సువార్త గొంతే అన్నారు. కాదు. కెజియాది తేట గొంతు. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పడానికి వీల్లేదు. ఇంకా ఘోరం ఏమిటంటే ఆ పిల్ల నన్ను అమ్మా అనడం మానలేదు. ఏదైతే పోతుందని భయపడ్డానో అది పోలేదు. దక్కింది. దక్కిన ప్రతిసారీ ఆ అరుపు వినిపించేది.

మా ఆయన పోయి రెండేళ్లవుతోంది. అంత్యక్రియలయ్యాక కెజియా ఒక మాట అంది. "అమ్మ ఎలా మాట్లాడేదో చెప్పడానికి మన ఇంట్లో ఇప్పుడెవరూ లేరు కదమ్మా" అంది. నేను తల ఊపాను. ఊపాను! ఆమెను ఒక్కసారి కూడా చూడని నేను ఒక్కదాన్నే ఆ ఇంట్లో ఆ గొంతు తెలిసినదాన్ని.

పెళ్లయి కాకినాడలో ఉంటున్న కెజియా ఈ మధ్య తన పాపను తీసుకుని వచ్చింది, నాలుగు రోజులు ఉందామని. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"ఇప్పుడు పాటలోంచి గొంతును వేరుచేసే సాఫ్ట్‌వేర్‌లు వచ్చాయమ్మా. నాన్న మైకులోకి అమ్మ గొంతు ఎక్కడో ఒక చోట పడే ఉంటుంది."

నేను టీ పెడుతున్నాను. పాలు పొంగి స్టవ్ మీద పోయాయి. తుడవలేదు. ముందు గదిలో కెజియా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. చాలాసేపటికి చెయ్యెత్తి పిలిచింది. "ఇక్కడ ఏదో ఉంది, విను" అంటూ స్పీకర్‌లో పెట్టింది. గీరినట్టు ఒక సన్నటి ధ్వని. నా కత్తెరకు దొరకని ముక్క. కెజియా దాన్ని మళ్లీ మళ్లీ పెడుతోంది. నవ్వుతోంది. ఆ కాస్త చప్పుడు కోసం అంత నవ్వు. నేను ఆ నవ్వును చూడలేకపోయాను.

"మైకు బాగానే పనిచేసింది కెజియా. మీ అమ్మ పాడింది. నేనే తీసేశాను."

"తీసేశావా? అంటే?"

"చెరిపేశాను. కేసెట్ కూడా యంత్రం తినలేదు. నేనే లాగేశాను."

నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. లోపల పాప ఏడిస్తే లేచి వెళ్లి ఎత్తుకుని వచ్చింది. భుజం మీద వేసుకుని నిలబడే అడిగింది.

"ఏం పాడింది?"

మూడు కీర్తనల పేర్లు చెప్పాను.

"ఎలా పాడింది?"

వాక్యం చివర ఎలా జారేదో, ఎలా లేచేదో చెప్పబోయాను. మాటలకు అందలేదు.

"పాడి చూపించు."

"నాకు పాట రాదు."

"పాడు."

పాడాను. శ్రుతి లేదు. కెజియా కళ్లు మూసుకుని విని, "మళ్లీ" అంది. మళ్లీ పాడాను. "ఆ చివర మళ్లీ." ఎన్నిసార్లు పాడించుకుందో. ఏడవలేదు. ఎందుకు చేశావని అడగనూ లేదు. సాయంత్రం బ్యాగు సర్దుకుని, పాపను తీసుకుని వెళ్లిపోయింది. పాప స్వెటర్ మర్చిపోయావని చెబుతూ గేటు దాకా వెళ్లాను. తీసుకుంది. వస్తానని అనలేదు.

ఇక్కడితో అంతా ఒప్పుకున్నట్టేనా? కాదు. అప్పుడు కూడా ఒకటి దాచాను. పాటల గురించే చెప్పాను. టేపు చివర ఉన్న మాట గురించి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఇంకా ఏం దక్కించుకుందామని? నాకు నా మీద అసహ్యం వేసింది అప్పుడే, డిలీట్ నొక్కినప్పుడు కాదు.

నిన్న స్కూల్లో ఉండగా కెజియా ఫోన్ చేసింది. వరండాలోకి వచ్చాను. పలకరింపు లేదు.

"పాటలే ఉన్నాయా? ఇంకేమైనా మాట్లాడిందా?"

"మాట్లాడింది. నీకు అమ్మ అనడం నేర్పింది. చాలాసార్లు చెప్పించింది. నువ్వు అన్నావు. నువ్వు అనగానే గట్టిగా అరిచింది, సంతోషంతో."

అటువైపు పాప ఏవో శబ్దాలు చేయడం వినిపించింది. తర్వాత ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేయలేదు. చేస్తుందో లేదో తెలియదు. క్షమించమని నేను అడగలేదు, అడిగి ఆ పిల్ల మీద ఇంకో బరువు పెట్టలేను. వరండాలో కాసేపు అలాగే నిలబడ్డాను. పిల్లలు ఇంటర్‌వెల్‌కు బయటికి పరుగెత్తుకొచ్చారు. ఒకమ్మాయి నా చీర కొంగు పట్టుకుని ఏదో అడిగింది. ఏమడిగిందో గుర్తులేదు. వంగి విన్నాను, జవాబు చెప్పాను. ఇక నా దగ్గర దాచినది ఏదీ లేదు.