తార్నాక చౌరస్తాలో నా ప్రసంగం

పోడు పట్టాల కోసం ఆదివాసీ విద్యార్థులు ర్యాలీ తీసిన రోజు తార్నాక చౌరస్తాను ఒక్క ప్రసంగంతో స్తంభింపజేసింది నేనే. సరే, స్తంభింపజేసింది పోలీసులు. నేను మెట్టుగూడలో మందులు కొనుక్కుని వస్తుంటే, పాత ప్రొఫెసర్‌నని పిల్లలు మైకు చేతికిచ్చారు.

మొన్న క్యాంపస్ క్యాంటీన్‌లో ఆ ర్యాలీలోని కోయ అమ్మాయి కనిపించింది. వాళ్ల నాన్నకు పట్టా రాలేదట. నేల తేరుకోవాలని కొన్నేళ్లు సాగు చేయకుండా పడావు పెడితే, పొదలు పెరిగి, అధికారులు చూసిన ఉపగ్రహ చిత్రంలో అది అడవిలా కనిపించిందట. నాకు బాధ కూడా కలగలేదు. చాయ్ తాగుతూ కూర్చున్నాను.

"ఆ రోజు మీ కోసం గట్టిగానే మాట్లాడాను కదమ్మా," అన్నాను చివరికి.

"మాట్లాడిన్రు సార్. గా పడావు సంగతి చెప్పనీకే మా నాయినను తీస్కొచ్చిన. మీ స్పీచ్ అయ్యేసరికి పోలీసులు మైకు గుంజుకున్నరు."