పథ్యం తప్పని ఇల్లు

1983లో నేను జంషెడ్‌పూర్‌లో ఒక పెద్దాసుపత్రి పిల్లల విభాగంలో రిజిస్ట్రారుగా చేరాను. విభాగాధిపతి తర్వాత వార్డు బాధ్యత రిజిస్ట్రారుదే. తెలుగువాణ్ణి కనక పర్సుడీహ్ బస్తీ నుంచీ, రైల్వే క్వార్టర్ల నుంచీ వచ్చే మనవాళ్ళందరినీ నా దగ్గరికే తోసేవారు.

రత్నం అలాగే వచ్చింది. తండ్రి టాటానగర్‌లో రైల్వే ఖలాసీ. పదమూడేళ్ళ పిల్ల, ఎనిమిదేళ్ళదానిలా ఉండేది. సొంత చెల్లెలే ఆమెకన్నా జానెడు పొడుగు. ఏళ్ళ తరబడి కడుపునొప్పి, విరేచనాలు. వేరేచోట పేగుల క్షయ అనుకుని పూర్తిగా మందులు వాడినా గుణం కనిపించలేదు. కలకత్తాలో పేగు ముక్క తీసి పరీక్షిస్తే క్రోన్స్ వ్యాధి అని తేలింది. పేగుల్లో వాపు, పుండ్లు తగ్గుతూ తిరగబెడుతూ ఉండే జబ్బు అది. పిల్లల్లో ఎదుగుదల మీద దెబ్బకొడుతుంది. తిన్నది ఒంటబట్టదు. పైగా, వాపు తగ్గించే స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే అవీ ఎత్తును ఆపుతాయి.

మణికట్టు ఎక్స్‌రేలో ఎముకల చివర్లు ఇంకా అతుక్కోలేదు. అతుక్కుంటే ఇక ఎత్తు పెరగదు. ఆలోపే స్టెరాయిడ్లు తగ్గిస్తూ, తిండి పెంచాలి. వార్డులో ఉన్నంతకాలం రత్నం బరువు పెరిగేది. ఇంటికెళ్ళి వస్తే మళ్ళీ మొదటికే. మందులు మింగించడం లేదని విభాగాధిపతి అనుమానం. చెడిన పేగు కోసి తీసేసే ఆపరేషన్‌కి కలకత్తా పంపేద్దామన్నారు.

తల్లి సన్యాసమ్మను పిలిచి కోపంగానే అడిగాను. ఆవిడ నొచ్చుకుంది.

"ఏటి బాబూ అలగంటారు? మందు ఒక్క పూట మాననేదు. పత్తెం కూడా గట్టిగా సేయిత్తన్నాను. గంజి, సారన్నం తప్ప ఏటీ పెట్టనేదు."

ఆకలెయ్యదా అని రత్నాన్ని అడిగాను. తల దించుకుని, "లగ్తీ హై. అమ్మా నహీ దేతీ," అంది హిందీలో. ఆకలేస్తుందట, అమ్మే పెట్టదట.

ఆ మాట వినగానే నా కోపం చల్లారిపోయింది. పిల్ల బతకాలనే ఆ తల్లి దాని కడుపు మాడుస్తోంది.

పథ్యం అక్కర్లేదని చెబితే సన్యాసమ్మ నమ్మలేదు. "పత్తెం నేని మందేటి మందు బాబూ?" అంది. ఎంత చెప్పినా ఆవిడది అదే మాట. చివరికి నేనే దారి మార్చాను. ఈ మందుకి పథ్యం వేరే ఉందన్నాను. గుడ్డు, చేప, నెయ్యి వేసిన పప్పన్నం, పెరుగు. కొంచెం కొంచెంగా, రోజుకి ఆరుసార్లు. ఒక్కసారి తప్పినా మందు పనిచెయ్యదని గట్టిగా చెప్పాను. ఆవిడ మొహం తేటపడింది. అలాగైతే ఆపరేషన్ కొన్నాళ్ళు ఆపి చూద్దామని విభాగాధిపతి ఒప్పుకున్నారు.

ఆ ఇంట్లో పథ్యం తప్పలేదు. ఏడాది తిరిగేసరికి, పరికిణీలన్నీ పొట్టయిపోతన్నాయని సన్యాసమ్మ నాకే ఫిర్యాదు చేసింది. ఆపరేషన్ అవసరం అప్పటికి తప్పింది. అయితే రత్నం చెల్లెలి ఎత్తును అందుకోలేదు. పోయిన ఏళ్ళను ఏ తిండీ తిరిగివ్వలేదు.

ఆ తర్వాత నేను ఏ ఇంట్లోనూ పథ్యం మానిపించడానికి ప్రయత్నించలేదు. అందులో ఏముండాలో మాత్రం నేనే చెప్పాను.