శనగగింజంత లోహంతో చెన్నైకి

మా ఆయన చనిపోయిన ఏడాదికి ఆయన విద్యార్థిని శ్రావణి సైనిక్‌పురిలో మా ఇంటికొచ్చింది. అలమరలో నేను దాచుకున్న శనగగింజంత లోహపు ముక్క కావాలంది. ఆయన స్వయంగా కరిగించి చేసినవాటిలో మిగిలింది అదొక్కటే.

"కొత్తది చేస్తే సార్ చేసిన పాత ప్రయోగాలతో పోల్చలేం ఆంటీ. కానీ దీన్ని మళ్లీ కరిగిస్తాం, తర్వాత కోస్తాం. ఆలోచించుకోండి."

ఆలోచించి, నేనే తీసుకొస్తానన్నాను.

సాయంత్రం ఆరింటికి సికింద్రాబాద్‌లో చెన్నై రైలెక్కాం. ఎదురు సీటావిడ పులిహోర పెడుతూ, ఏం పని మీద పోతున్నారని అడిగింది. లోహాన్ని ఎత్తు నుంచి కింద పడెయ్యడానికని శ్రావణి చెప్పింది.

"పడేసుడుకు మద్రాసు దాక పోవాల్నా? మా బిల్డింగు నాలుగంతస్తులుంది గద!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

పొద్దున ఏడున్నరకు దిగి, ఇడ్లీ తిని, ఆటోలో ప్రయోగశాలకు వెళ్లాం. చూడదలచినవారు ముందే అనుమతి తీసుకోవాలి. చెప్పులు పనికిరావు. నాకు వాళ్లే బూట్లిచ్చారు, రెండు సైజులు పెద్దవి.

అదొక ఎత్తైన కట్టడం, లోపలంతా ఖాళీ. పైన వేలాడే పెట్టెలో చిన్న కొలిమి ఉంటుంది. అందులో ముక్క కరిగాక పెట్టెను వదిలేస్తారు. అది పడే రెండు సెకన్లలో లోహం గడ్డకట్టాలి. పడుతున్నదానికి బరువుండదు కనక, అల్యూమినియంలో కలిపిన బరువైన బిస్మత్ లోహం అడుక్కి దిగకుండా అంతటా నిలవాలి. ఇంతకుముందు ప్రతిసారీ గడ్డకట్టేలోపే పెట్టె కిందికి చేరింది. ఈసారి ముక్క త్వరగా చల్లారే ఏర్పాటు శ్రావణి చేసింది.

"కొలిమిలో వేసెయ్యమంటారా ఆంటీ?"

"వెయ్యమ్మా."

పదకొండింటికి వదిలారు. ధబ్బుమని ఒక్క చప్పుడు, అంతే. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేను సాంబారన్నం తిన్నాను, శ్రావణి ముట్టలేదు. మూడింటికి ముక్కను కోసి, నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. దాన్ని అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత "చూడండి ఆంటీ, చూడండి!" అంటూ, చూడనివ్వకుండా నా భుజాలు ఊపేసింది. బిస్మత్ చుక్కలు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఉన్నాయి. అడుగున పొర లేదు.

మర్నాడు పొద్దున, తిరుగు రైలు కాజీపేట దాటాక టీ తాగుతున్నాను. శ్రావణి నిద్రలో ఉంది. ఎదురుగా ఉన్న పెద్దాయన నా చేతిలోని సగం ముక్క ఏమిటని అడిగాడు. చెప్పాను.

"అంటే పడేటప్పుడు చాయ్‌ల చక్కెర సుత అడుక్కు పోదా?"

"పోదండీ."

"మరి ఆకాశంల?"

అక్కడైతే రెండు సెకన్లు కాదు, గంటలు దొరుకుతాయన్నాను. ఇలాంటి లోహం యంత్రాల బేరింగులకు ఎందుకు కావాలో చెప్పాను. అన్నీ ఇన్నేళ్లూ భోజనాల దగ్గర మా ఆయన చెప్తుంటే వినీ విననట్టు విన్నవే. దేనికీ తడుముకోలేదు. సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద దిగాక కూడా ఆ పెద్దాయన బ్యాగు కింద పెట్టి, "ఇంకొక్కటి చెప్పమ్మా" అన్నాడు.