నేను చెప్పని పేరు

తొలి వాన పడితే అందరికీ మట్టివాసన తగులుతుందంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని మా బీర్‌గావ్‌లో ముందు ఇనుము వాసన వస్తుంది. ఎండాకాలమంతా డాబాల మీద పేరుకున్న ఫ్యాక్టరీ మసి చినుకు పడగానే తడిసి ఘాటుగా లేస్తుంది. నిన్న సాయంత్రం కిటికీ మూయబోయి, ఆ వాసనకు అలాగే నిలబడిపోయాను. సత్యవతక్క ఇల్లు ఎప్పుడూ ఇదే వాసన వేసేది. ఆమె పోయి చాలా ఏళ్లయినా, పక్కగదిలోంచి పిలుస్తుందేమోనని కాసేపు చెవులు రిక్కించాను.

మాది శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో, నాన్న పోయాక, సత్యవతక్క నడిపే కార్మిక సంఘంలో చేరాను. కొలిమి పనివాళ్ల గోడు తెలుగులో విని హిందీలో అర్జీ రాయడం నా పని. సంఘం ఆఫీసంటే అక్క ఇల్లే. మీటింగుకు ఎవరొచ్చినా ముందు కంచం పెట్టేది. "కడుపు కాల్తుంటే నోట నిజం రాదమ్మీ" అనేది. ఆ మీటింగులన్నీ ఇప్పుడు ఒకే కలలా కలిసిపోయాయి. పొయ్యి పొగ, గోడ మీద నీడలు, మూడు భాషల మాటలు, డ్యూటీ దిగి కూర్చున్నచోటే కునుకు తీసే మనుషులు.

ఒకరోజు టాటీబంధ్ చౌరస్తాలో బస్సు కోసం చూస్తుంటే, ఒకాయన చక్కని తెలుగులో పలకరించి చాయ్ ఇప్పించాడు. మా ఇంటి సంగతులన్నీ ఆయనకు తెలుసు. తమ్ముడికి సర్కారీ కొలువు వచ్చిందనీ, పోలీసు విచారణ ఒక్కటే మిగిలిందనీ కూడా తెలుసు. మీది ఏ శాఖ అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

"మీ మీటింగులకు కుంటుతూ వచ్చే ఒకాయన ఉన్నాడు కదా, కోంటా వైపు మనిషి. పేరేమిటి, ఎక్కడుంటాడు? అంతే చెల్లెమ్మా. మీ తమ్ముడి పని నేను చూసుకుంటాను."

గ్లాసు కింద పెట్టేశాను. ఆ పేరు నాకు తెలుసు. కొలిమి నిప్పు కాలి మీద పడి, పని పోయి, పరిహారం కోసం తిరుగుతున్న మనిషి. కోంటా అడవి అంచున పుట్టి తెలుగు మాట్లాడడమే అతడి నేరం. ఆ రోజుల్లో నక్సలైటని మనిషిని పట్టుకుపోవడానికి అంత చాలు. అలా పోయినవాళ్లు ఎప్పుడొస్తారో ఇంట్లోవాళ్లకు కూడా తెలిసేది కాదు.

పరుగున వచ్చి అక్కకు చెప్పాను. ఆమె వంకాయలు తరగడం ఆపలేదు.

"అబద్దం ఆడకు. ఎవులొచ్చినారని అడిగితే ఏటి వొండినామో సెప్పు."

"తమ్ముడి ఉద్యోగం అక్కా!"

అప్పుడు కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "అది నాను సెప్పలేనమ్మీ. నీ తమ్ముడు, నీ నోరు. నువ్వేటి సేసినా ఈ ఇంట నీ కంచం నీకుంటాది."

తిట్టి ఉంటే, ఒట్టు వేయించుకుని ఉంటే, నేను తప్పించుకునేదాన్నేమో. ఆ మాట మాత్రం నన్ను కట్టిపడేసింది.

మళ్లీ వారం ఆయన అడిగితే, వంకాయ ఎండురొయ్యల కూర వండామని చెప్పాను.

"నేనడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి!"

"ఏం కూర అని అడగందే మన ఇళ్లలో మాట మొదలవుతుందా అన్నగారూ?"

కోపంలోనే నవ్వొచ్చింది ఆయనకు. లారీలు లేపిన దుమ్ము ఎండలో బంగారంలా మెరుస్తోంది. దాన్నే చూస్తూ, "రొయ్యలు ముందు వేయిస్తారా?" అన్నాడు మెల్లగా. తల్లి చిన్నప్పుడే పోయిందట, హాస్టలు తిండితో పెరిగాడట. ఆ తర్వాత వారం వారం ఆనపకాయ పులుసు గురించో గోంగూర గురించో చెప్పాను. ఎవరు ఎవరి రహస్యం రాబడుతున్నారో నాకే తెలిసేది కాదు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద నాకు జాలేసింది.

చివరికి ఒకరోజు, "పైవాళ్లు ఊరుకోవడం లేదు. రేపు పేరు కావాలి" అన్నాడు. మర్నాడు అక్క నాతోపాటు వచ్చి, అన్నం కేరేజీ ఆయన ముందు పెట్టింది.

"పేరే కావాలంటే నా పేరు రాసుకో నాయనా. నా ఇంట తిన్నోల పేర్లు బయట సెప్పీ అలవాటు మాకు నేదు."

ఆయన కేరేజీ వైపు చాలాసేపు చూశాడు, కానీ ముట్టుకోలేదు. "తమ్ముడి ఉద్యోగం మరిచిపో చెల్లెమ్మా" అని నాతో అని వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు.

అన్నట్టే ఉద్యోగం రాలేదు. తమ్ముడు టాటీబంధ్‌లో పంచరు దుకాణం పెట్టుకున్నాడు. జరిగింది తెలిశాక చాలాకాలం నాతో మాట్లాడలేదు. వాణ్ని ఎలా తప్పుపడతాను? నోటి దగ్గరి కూడు తీసింది నేనే. రాత్రిళ్లు ఏడ్చేదాన్ని. కానీ తెల్లవారితే మళ్లీ అక్క ఇంటికే వెళ్లేదాన్ని.

సత్యవతక్క చనిపోయిన ఏడాది, ఒక సాయంత్రం తమ్ముడు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు సెప్పని పేరు ఇయ్యాల నా దుకాన్‌కొచ్చింది. కుంటుకుంటా సైకిల్ తోసుకొచ్చినాడు. ఎనకాల ఆడి బిటియా కూసుంది, స్కూల్ డ్రెస్సులో. పంచరేసి పంపినాను."

"పేరడిగావా?"

"లేదు" అన్నాడు వాడు. ఎన్నాళ్లకో నా ముఖంలోకి చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అక్క గురించి ఇంత రాస్తున్నాను గానీ, ఆ పేరు ఇక్కడ కూడా రాయను. అది ఇంకా నా దగ్గరే ఉంది.