ఒత్తు లేని ప్రశ్న

ఆఫీసులో అందరూ ఆమెను నిర్ధారణక్క అనేవారు. టీ చెప్పామన్నా సరే, "చెప్పావా, చెప్పాననుకుంటున్నావా?" అని అడిగితే గానీ వదిలేది కాదు. మొదటి వారం నాకు ఒళ్లు మండిపోయింది. నాకేమో ముక్కు మీదే కోపం. ఆమెకు తొందరన్నదే తెలియదు.

టీకా మందులు నిలవ ఉంచే చల్లగదుల మీద అజమాయిషీ చేసే ఆఫీసు మాది. ఊళ్లలో ఇరవయ్యారు గదులు, గదికో కంప్యూటరు. అక్క పొద్దున్నే కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుని, ఇక్కడి నుంచే ఒక్కోదానిలోకి లాగిన్ అయ్యేది. నల్లటి తెర మీద అది రెండు ప్రశ్నలు అడుగుతుంది. నిన్నటి ఉష్ణోగ్రతలు పంపాలా? పంపినట్టు నిర్ధారించాలా? రెండిటికీ ఆమె "అవును" అని టైపు చేసేది. ఇరవై రెండేళ్లుగా అదే పని. మధ్యాహ్నానికి గానీ తెమిలేది కాదు.

ఆ పని స్క్రిప్టుతో చేయించడానికి నన్ను పెట్టుకున్నారు. అదేం బ్రహ్మవిద్య కాదు. తెర మీద ఫలానా ప్రశ్న కనిపించేదాకా కాచుకుని ఉండి, కనిపించగానే ఫలానా జవాబు కొట్టమని ముందే రాసిపెట్టడం, అంతే. శుక్రవారంలోగా ఇరవయ్యారూ వాటంతటవే నడిస్తే అక్కను కింద రికార్డుల గదికి మారుస్తామనీ, ఒక్కటి మొరాయించినా మనిషి ఉండాల్సిందే కాబట్టి ఆమె ఇక్కడే ఉంటుందనీ ఆఫీసరు మా ఇద్దరి ముందే చెప్పారు. రికార్డుల గదికి కిటికీ లేదు. "ఇది ఖాయమేనా సార్?" అని మాత్రం అడిగింది అక్క.

గురువారానికి ఇరవై అయిదు నడిచాయి. చివరిది, కొండ మీది గదిలోది, రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ప్రశ్న ఎదురుగా కనబడుతూనే ఉంది, నా స్క్రిప్టు మాత్రం ఇంకా దానికోసమే కాచుకుని కూర్చుంది. సాయంత్రం దాకా తల బద్దలు కొట్టుకున్నాను. అక్క పక్కనే కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది గానీ నోరు మెదపలేదు.

"దీని మొహం మండ! ఏం అడిగినా పది సెకన్లాగి అవును కొట్టెయ్యమని రాసేస్తా," అన్నాను.

అక్క చెయ్యి ఆగింది. "ఏం అడిగినానా?"

"అడిగేవి రెండేగా అక్కా!"

"మూడోది కూడా ఉంది తమ్ముడూ. ఏ ఏడాదికోసారో వస్తుంది. గది వేడెక్కింది, అయినా మందులు పంచాలా, అని. దానిక్కూడా అవునంటే? చంటిపిల్లలకి వేసే మందులవి."

అక్క కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగి, ఒక మాట కింద వేలు పెట్టింది. "నిర్దారించాలా అని ఉంది, చూడు. ఒత్తు ధ ఉండాలి. మామూలు ద ఉంది."

నువ్వుగింజలో సగమంత గీత! అదే నా రోజంతా తినేసింది.

"ఆ తప్పు నాదే," అంది. "చేరిన కొత్తలో మొదటి కంప్యూటర్లో ప్రశ్నలు టైపు చేసింది నేను. మర్నాడే దాన్ని కొండ మీదికి పంపేశారు. ప్రశ్న మార్చాలంటే అక్కడికే వెళ్లాలి. మిగతావి సరిగ్గా చేశా. అదీ దిద్దేశానని అప్పటి సారుతో అబద్ధమాడా."

"పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"చెప్తే కుర్చీ పోతుందిగా. ఏదో ఆశ." సిగ్గుపడుతూ నవ్వింది. నా సొంత అక్క మీద కూడా నాకంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

"ఒత్తు తీసేసి రాయి," అంది.

రాశాను. తెలియని ప్రశ్న వస్తే జవాబు కొట్టకుండా ఆగి, ఫోను మోగించమని కూడా రాశాను. శుక్రవారం ఆఫీసరు ముందు ఇరవయ్యారూ పావుగంటలో నడిచాయి. సోమవారం అక్కను కిందికి పంపారు, తన కుర్చీతో సహా. అందులో అయితేనే ఆమెకు నడుం నొప్పి పుట్టదట.

బుధవారం స్క్రిప్టు ఆగింది. కొండ మీది గదే, మూడో ప్రశ్నే. నా తెర చూసి ఆఫీసరు కంగారుపడ్డారు.

"ఫోను మోగలేదేం?"

"మోగిందండీ, రికార్డుల గదిలో."

"ఆవిడ నంబరెందుకు పెట్టావయ్యా?"

"జవాబు తెలిసినవాళ్ల నంబరు పెట్టానండీ."

మేం కిందికి దిగేసరికి అక్క కొండ మీది కాపలాదారుతో ఫోన్లో మాట్లాడుతోంది. "తలుపు మూశావా, మూశాననుకుంటున్నావా? వెళ్లి చూసిరా. నేను లైన్లోనే ఉంటా." తలుపు బెత్తెడు తెరిచి ఉందట. ఇంకో గంటయితే మందులన్నీ పారబోయాల్సి వచ్చేది.

ఆఫీసరు కిటికీ లేని ఆ గోడల వంక చూసి, "మీ కుర్చీ పైకి పట్టించుకెళ్లండమ్మా," అన్నారు.

"ఇది ఖాయమేనా సార్?"

"ఖాయమే."

మూడంతస్తుల మెట్లూ ఆ ఇనప కుర్చీ మోసింది నేనే. దించి వెనక్కి వస్తుంటే అక్క ఇంకా మెట్ల మలుపులో ఆయాసపడుతోంది. "కిటికీ పక్కనే పెట్టావా, పెట్టాననుకుంటున్నావా?" అంది.

నేను మళ్లీ పైకి వెళ్లి, చూసొచ్చి చెప్పాను.